కణాలకు ఏం పోస్తున్నారు?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. శరీరం బయట ఫ్లాస్కుల్లో పెంచే మనిషి కణాలు, వాటికి తిండిగా పోసే మీడియా అనే ఎర్రటి ద్రవం, ఆ కణాల్లో కొలిచే ఎంజైములు. అన్నింటికీ జవాబు రాసేంత చోటు లేదు కాబట్టి ఆరు ఉత్తరాలు ఏరుకున్నాను. మొదటిదానికే ఎక్కువ రాశాను. ఆ అమ్మాయి ఆరు నెలలుగా పడుతున్న బాధ నాకు బాగా తెలిసిన బాధ.

ప్రశ్న: మేడమ్, నేను విశాఖపట్నంలో పీహెచ్‌డీ మూడో సంవత్సరంలో ఉన్నాను. ఒక ఆకు నుంచి తీసిన సారం హెప్-జీ2 అనే మనిషి కాలేయ క్యాన్సర్ కణాల్లో, పెరాక్సైడ్లను విరగ్గొట్టే గ్లుటాథయోన్ పెరాక్సిడేజ్ అనే ఎంజైమ్‌ను పెంచుతుందా అని చూస్తున్నాను. మొదట్లో డీఎంఈఎం అనే మీడియాలో 10 శాతం సీరమ్ (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) కలిపి పెంచాను, రీడింగులు బాగానే వచ్చాయి. సీరమ్ ఖరీదు తట్టుకోలేక, పైగా సారంలోని పదార్థాలు సీరమ్ ప్రోటీన్లకు అతుక్కుపోతాయని కూడా విని, 2 శాతానికి దించాను. అప్పట్నుంచి సారం వేయని కంట్రోల్ కణాల్లోనే ఎంజైమ్ సగం కూడా రావడం లేదు. కెటలేజ్ అనే ఇంకో ఎంజైమ్ మాత్రం ఎప్పటిలాగే ఉంది. నా చేతిలోనే తప్పుందని గైడ్ గారు అంటున్నారు. ఆరు నెలలు పోయాయి, చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీ చేతిలో తప్పు లేదమ్మా. ఉంటే కెటలేజ్ కూడా పడిపోయేది. ఒకే లైసేట్‌లో, అంటే పగలగొట్టిన కణాల ద్రవంలో, ఒక ఎంజైమ్ నిలబడి ఇంకొకటి కూలిపోయిందంటే పైపెట్‌నో సెంట్రిఫ్యూజ్‌నో అనుమానించే ముందు, ఆ రెండు ఎంజైముల తయారీకి కావలసిన సరుకుల్లో తేడా ఏమిటో చూడాలి. కెటలేజ్‌కు ఇనుము కావాలి. గ్లుటాథయోన్ పెరాక్సిడేజ్‌కు సెలీనియం అనే మూలకం కావాలి. ఈ ఎంజైమ్‌లో సెలీనియం ఉందని 1973లో తేలింది. అసలు పని జరిగే చోట, గంధకం ఉండాల్సిన స్థానంలో సెలీనియం ఉన్న సెలెనోసిస్టీన్ అనే అమైనో ఆమ్లం కూర్చుని ఉంటుంది.

ఇప్పుడు మీ డీఎంఈఎం బాటిల్‌తో వచ్చిన కాగితం తీసి ఒక్కో వరుస చదవండి. గ్లూకోజ్, లవణాలు, అమైనో ఆమ్లాలు, విటమిన్లు, చిటికెడు ఫెర్రిక్ నైట్రేట్. అంటే ఇనుము ఉంది. సెలీనియం ఎక్కడా కనిపించదు. మరి ఇన్నాళ్లూ మీ కణాలకు అది ఎక్కడి నుంచి వచ్చింది? మీరు కలిపిన సీరమ్‌లోంచి. మీరు సీరమ్‌ను 10 నుంచి 2కు దించిన రోజే కణాలకు అందే సెలీనియం అయిదో వంతుకు పడిపోయింది. ఇనుము మాత్రం మీడియాలోనే ఉంది కాబట్టి కెటలేజ్‌కు ఏ లోటూ రాలేదు.

ఈ ఎంజైమ్ తయారయ్యే తీరే వేరు. మామూలుగా యూజీఏ అనే సంకేతం వస్తే ప్రోటీన్ తయారీ అక్కడితో ఆగిపోవాలి. సెలీనియం ఉన్నప్పుడు మాత్రం కణం ఆ ఆగు గుర్తునే 'ఇక్కడ సెలెనోసిస్టీన్ పెట్టు' అని చదువుకుంటుంది. సెలీనియం లేకపోతే అది మళ్లీ ఆగు గుర్తే అయిపోతుంది, ప్రోటీన్ సగంలో తెగిపోతుంది, దాని ఆర్‌ఎన్‌ఏను కూడా కణం పనికిరానిదని చింపి పారేస్తుంది. అన్ని సెలీనియం ప్రోటీన్లూ ఒకేలా నష్టపోవు. ఇంట్లో బియ్యం తక్కువైన రోజు పిల్లలకు ముందు పెట్టి తల్లి పస్తుంటుంది చూడండి, అలాగే కణం తన పొరలు పాడవకుండా కాపాడే నాలుగో రకం పెరాక్సిడేజ్‌కు ముందు పెడుతుంది, ఒకటో రకాన్ని పస్తుంచుతుంది. మీరు క్యూవెట్‌లో (కాంతి పంపి కొలిచే చిన్న పాత్రలో) కొలుస్తున్నది ఎక్కువగా ఆ ఒకటో రకాన్నే. అందుకే కణాలు చూడ్డానికి ఆరోగ్యంగా ఉన్నా మీ రీడింగ్ పడిపోయింది.

మీడియా తయారు చేసినవాళ్లు ఇంత ముఖ్యమైనదాన్ని ఎలా వదిలేశారని మీకు అనిపించవచ్చు. హ్యారీ ఈగల్ 1955లో హీలా అనే మనిషి క్యాన్సర్ కణాలకు ఏ అమైనో ఆమ్లం, ఏ విటమిన్ లేకపోతే బతకవో ఒక్కొక్కటే తీసేసి చూశాడు. ఈరోజు మనం వాడే మీడియాల్లో చాలావాటికి మూలం ఆ పనే. కానీ ఆయన కణాలకు కూడా కొంత సీరమ్ ప్రోటీన్ తప్పనిసరిగా అందేది, దానితోపాటు సెలీనియం చడీచప్పుడూ లేకుండా వచ్చేది. పైగా అప్పటికి సెలీనియం అంటే పశువులను చంపే విషం అనే పేరే ఉంది. అది తక్కువైతే ఎలుకల కాలేయం పాడవుతుందని 1957లో తెలిసింది. మనిషి ఊపిరితిత్తుల నుంచి తీసిన డబ్ల్యూఐ-38 కణాలు తక్కువ సీరమ్‌లో పెరగాలంటే సెలీనియం విడిగా కలపాల్సిందేనని 1976లో రిచర్డ్ హామ్ బృందం చూపించింది. మీరు ఆరు నెలలుగా చూస్తున్నది అదే విషయం, ఇంకో కణంలో.

ఇక చేయాల్సిన పని. సోడియం సెలెనైట్ 1.73 మిల్లీగ్రాములు తూచి 10 మిల్లీలీటర్ల శుద్ధ జలంలో కరిగిస్తే 1 మిల్లీమోలార్ అవుతుంది. అది విషం, గ్లవ్స్ వేసుకునే తూచండి, తూచాక త్రాసు తుడవండి. దాన్ని నూరింతలు పలుచన చేసి ఫిల్టర్ చేస్తే 10 మైక్రోమోలార్ ద్రావణం వస్తుంది. ప్రతి మిల్లీలీటరు మీడియాకు అందులోంచి 5 మైక్రోలీటర్లు వేస్తే 50 నానోమోలార్. అంతకుమించి ఎగబాకకండి, మైక్రోమోలార్లలోకి వెళితే కణాలు చచ్చిపోతాయి. నాలుగు ఫ్లాస్కులు పెట్టండి: 10 శాతం సీరమ్ ఒట్టిది, 10 శాతంలో సెలెనైట్, 2 శాతం ఒట్టిది, 2 శాతంలో సెలెనైట్. తక్కువ సీరమ్‌లో కణాలు నెమ్మదిగా పెరుగుతాయి కాబట్టి తీసే రోజుకు నాలుగింటిలోనూ నిండుదనం దాదాపు ఒకేలా ఉండేట్టు మొదట వేసే సంఖ్య సరిచూసుకోండి. మూడు నాలుగు రోజులు ఆగాలి. సెలెనైట్‌ను నేరుగా లైసేట్‌లో వేసి చూస్తే ఏమీ కాదు, ఎంజైమ్‌ను కణం మళ్లీ కట్టుకోవాలి, దానికి టైమ్ పడుతుంది.

కొలిచేటప్పుడు 340 నానోమీటర్ల కాంతి దగ్గర గీతను కళ్లతో చూడండి, చివరి అంకె ఒక్కటే రాసుకోకండి. ఆ కాంతిని పీల్చుకునే ఎన్ఏడీపీహెచ్ అనే పదార్థం ఖర్చవుతున్నకొద్దీ ఆ గీత కిందికి జారాలి. సెలీనియం లేని ఫ్లాస్కులో అది దాదాపు చాప పరిచినట్టు పడుకుని ఉంటుంది. సెలెనైట్ వేసినదాన్ని క్యూవెట్‌లో పెట్టి పెరాక్సైడ్ కలిపిన మరుక్షణం నుంచే వాలు కనిపిస్తుంది. లైసేట్ వేయని బ్లాంక్‌లో కూడా ఆ గీత కొంచెం జారుతుంది, దాన్ని తీసేయడం మరిచిపోకండి. నేను మొదటిసారి ఆ రెండు గీతలనూ పక్కపక్కన చూసిన రోజు రాత్రి ఏడున్నర వరకు ల్యాబ్‌లోనే కూర్చుని మళ్లీ మళ్లీ చేశాను, నమ్మకం కుదరక.

ఒక్క విషయం మాత్రం ఇప్పుడే ఆలోచించండి. 10 శాతం సీరమ్ ఫ్లాస్కులో కూడా సెలెనైట్ వేయగానే ఎంజైమ్ పెరిగితే, మీ మొదటి మంచి రీడింగులు కూడా అర్ధాకలి కణాలవే అన్నమాట. అప్పుడు మీ ఆకు సారం ఎంజైమ్‌ను పెంచినట్టు కనిపించినా అది సారంలోని ఫలానా పదార్థం గొప్పతనమా, లేక ఆకులో ఉన్న పిసరంత సెలీనియమా అని వైవాలో అడుగుతారు. అడగాలి కూడా. సారంలో సెలీనియం ఎంతుందో మూలకాలను పిసరంతైనా కొలిచే ఐసీపీ-ఎంఎస్ యంత్రం మీద కొలిపించండి, సెలెనైట్ కడుపు నిండా అందిన కణాల మీద కూడా సారాన్ని పరీక్షించండి. అక్కడ కూడా పెంచితే మీ మాటకు బలం ఉంటుంది.

గైడ్ గారికి ఈ నాలుగు ఫ్లాస్కుల ఫలితం పట్టుకెళ్లి చూపించండి. నేను కొత్తగా చేరిన ఒక ల్యాబ్‌లో కొత్త లాట్ సీరమ్ వచ్చిన వారం నుంచి ఇలాగే ఒక ఎంజైమ్ పడిపోయింది. ఒక జూనియర్ కుర్రాడి మీద నింద వేశారు. రెండు నెలల తర్వాత ఫ్రీజర్ అడుగున పాత లాట్ బాటిల్ ఒకటి దొరికి, దానితో పెంచితే ఎంజైమ్ తిరిగొచ్చింది. అప్పటికే ఆ అబ్బాయి మానేసి వెళ్లిపోయాడు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు మనసు బరువెక్కుతుంది. సీరమ్ లాట్ నంబరు నోట్‌బుక్‌లో ప్రతి ప్రయోగం పక్కన రాయండి.

ప్రశ్న: అమ్మా, మాది ఖమ్మం. మా బాబుకు ఏడాదిన్నర. ఒంటి మీద ఎర్రటి పొక్కులు, ఫిట్స్, ఆయాసం వస్తే డాక్టరు గారు బయోటిన్ మొదలుపెట్టారు, దేవుడి దయవల్ల తేరుకుంటున్నాడు. చర్మం నుంచి చిన్న ముక్క తీసి, కణాలు పెంచి ఎంజైమ్ చూశారు. ఒక ల్యాబ్ 'మామూలుగా ఉంది' అంది. ఇంకో ల్యాబ్‌కు పంపితే 'తక్కువ' అని వచ్చింది. ఏది నమ్మాలి? మాత్ర ఆపి మళ్లీ పరీక్ష చేయించాలా?

జవాబు: మాత్ర ఆపకండి. మీ డాక్టరు గారు స్వయంగా చెబితే తప్ప ఒక్క రోజు కూడా ఆపకండి. ముందు ఈ మాట మనసులో పెట్టుకుని మిగతాది చదవండి.

బాబు వేసుకునే మాత్రకూ ఆ పరీక్షకూ సంబంధం చాలా తక్కువ. చర్మం ముక్కలోంచి బయటికి పాకిన కణాలు కొన్ని వారాలపాటు ల్యాబ్‌లో పెరుగుతాయి. ఆ వారాల్లో అవి తినేది మీరు ఇచ్చే మాత్ర కాదు, ల్యాబ్ వాళ్లు పోసే మీడియా. ఆర్పీఎంఐ 1640 అనే మీడియాలో లీటరుకు 0.2 మిల్లీగ్రాముల బయోటిన్ ఉంటుంది, అది మన రక్తంలో ఉండేదానికి వందల రెట్లు. ఎంఈఎం, డీఎంఈఎం అనేవాటిలో బయోటిన్ అసలు వేయరు, సీరమ్‌తో వచ్చిందే దిక్కు. అందుకే మీ రెండు రిపోర్టులూ నిజమే అయ్యుండొచ్చు.

మన కణాల్లో కార్బాక్సిలేజులనే కొన్ని ఎంజైములు బయోటిన్ అతికిస్తేనే పనిచేస్తాయి. అతికించే పని ఇంకో ఎంజైమ్‌ది, దాని పేరు హోలోకార్బాక్సిలేజ్ సింథటేజ్. పుట్టుకతోనే దానిలో లోపం ఉన్న పిల్లల్లో చాలామందికి అది పూర్తిగా చచ్చిపోయి ఉండదు, బయోటిన్‌ను పట్టుకునే శక్తి మాత్రం తగ్గి ఉంటుంది. అమెరికాలో శాన్‌డియేగోలో విలియం నైహాన్ బృందం ఇలాంటి బిడ్డ కణాల మీద పనిచేసి 1981లో ఈ లోపాన్ని చూపించింది. పట్టు తక్కువైన చేతికి పిడికెడు ఇస్తే జారిపోతుంది, బుట్టెడు కుమ్మరిస్తే కొంతైనా నిలుస్తుంది. మీ బాబుకు మందు పనిచేయడానికి కారణం కూడా ఇలాంటిదే కావచ్చు. ఇదే కారణంతో బయోటిన్ దండిగా ఉన్న మీడియాలో పెంచిన కణాల్లో జబ్బు కనిపించకుండా దాక్కుంటుంది.

తెలిసిన ల్యాబ్‌లు అవే కణాలను రెండు రకాలుగా పెంచుతాయి. ఒకదానిలో బయోటిన్ బాగా తగ్గిస్తారు, ఇంకోదానిలో బాగా పోస్తారు. తక్కువలో ఎంజైములు పడిపోయి ఎక్కువలో లేచి నిలబడితే అదే ఈ జబ్బు ముద్ర. సీరమ్‌లోని బయోటిన్‌ను తీసేయడానికి వాడే పదార్థాల్లో ఒకటి ఎవిడిన్, అది పచ్చి కోడిగుడ్డు తెల్లసొనలో ఉంటుంది, బయోటిన్‌ను ఒకసారి పట్టుకుందంటే వదలదు. కాబట్టి బాబుకు పచ్చి గుడ్డు ఎప్పుడూ పెట్టకండి, ఉడికించిన గుడ్డుతో ఆ భయం లేదు.

డాక్టరు గారిని రెండు అడగండి. ఆ రెండు ల్యాబ్‌లూ ఏ మీడియా వాడాయి, అందులో బయోటిన్ ఎంత? రెండోది, బయోటినిడేజ్ లోపం అనే ఇంకో జబ్బు ఉంది, లక్షణాలు ఇలాగే ఉంటాయి, దాన్ని కణాలు పెంచనక్కరలేకుండా నేరుగా రక్తంలోనే కొలుస్తారు, ఆ పరీక్ష చేశారా? జన్యు పరీక్ష కూడా చేయిస్తే సందేహం చాలావరకు తీరుతుంది. బాబు తేరుకుంటున్నాడన్న మాట చదివి చాలా సంతోషించాను.

ప్రశ్న: నేను అనంతపురంలో డిగ్రీ ఫైనలియర్. బ్యాక్టీరియాకు లాక్టోజ్ పోస్తే దాన్ని విడగొట్టే ఎంజైమ్ తయారవుతుందని లాక్ ఓపెరాన్ పాఠంలో చదివాం. మనిషి కణాల్లో కూడా తిండిని బట్టి ఎంజైమ్ ఇలా పెరగడం తగ్గడం ఉంటుందా? మా సార్‌ను అడిగితే పుస్తకంలో లేదన్నారు.

జవాబు: ఉంటుంది బాబూ, అది బయటపడింది కూడా లాక్ ఓపెరాన్ మీద జాకబ్, మోనో 1961లో రాసిన ప్రసిద్ధ వ్యాసం కన్నా ముందే. 1958లో రాబర్ట్ డిమార్స్ మనిషి కణాల కల్చర్లలో గ్లుటమైన్‌ను తయారుచేసే ఎంజైమ్‌ను గమనించాడు. మీడియాలో గ్లుటమైన్ ఉంటే ఆ ఎంజైమ్ అణిగి ఉంటుంది, గ్లుటమైన్ తీసేసి గ్లుటామిక్ ఆమ్లం ఇస్తే పైకి లేస్తుంది. బయట రెడీగా దొరుకుతుంటే ఇంట్లో వండటం ఎందుకన్నట్టు. ఆర్జినీన్‌తో కూడా ఇలాగే జరుగుతుంది. మీడియాలో ఆర్జినీన్ తీసి సిట్రులీన్ పెడితే దాన్ని ఆర్జినీన్‌గా మార్చే ఎంజైములు పెరుగుతాయని 1964లో రాబర్ట్ షిమ్కే చూపించాడు.

పైకి లాక్ ఓపెరాన్ లాగానే కనిపిస్తుంది, లోపల జరిగేది మాత్రం వేరు. అందుకే ఈ ప్రశ్న నాకు నచ్చింది. బ్యాక్టీరియాలో జన్యువు స్విచ్ వేయడం, ఆపడం జరుగుతుంది. మనిషి కణంలో గ్లుటమైన్ సింథటేజ్ విషయంలో ఎక్కువగా జరిగేది, అప్పటికే తయారైన ఎంజైమ్‌ను గుర్తుపట్టి విరగ్గొట్టడం. గ్లుటమైన్ ఎక్కువైతే ఆ ఎంజైమ్ మీద ఎసిటైల్ గుర్తులు పడతాయి, ఆ గుర్తులు చూసి సెరెబ్లాన్ అనే ప్రోటీన్ దాన్ని పట్టిస్తుంది, కణం దాన్ని ముక్కలు చేసేస్తుంది. ఇది 2016లో తెలిసింది. అంటే డిమార్స్ చూసినదానికి దాదాపు అరవై ఏళ్ల తర్వాత. సెరెబ్లాన్ పేరు మీరు ఇంకోచోట కూడా వింటారు, గర్భిణులు వేసుకుంటే పిల్లలు అవయవ లోపాలతో పుట్టిన థాలిడోమైడ్ మందు పట్టుకునేది ఆ ప్రోటీన్‌నే.

ల్యాబ్‌లో పనిచేసే అన్నలూ అక్కలూ ఎవరైనా ఉంటే చెప్పండి, గ్లుటమైన్ ద్రవరూపంలో నిలవ ఉండదు. 37 డిగ్రీల దగ్గర రోజురోజుకూ విరిగి అమోనియా వదులుతుంది. సోమవారం తెరిచిన బాటిల్, మూడు వారాలు ఫ్రిజ్‌కూ నీళ్ల తొట్టికీ తిరిగిన అదే బాటిల్ ఈ ఎంజైమ్ విషయంలో రెండు వేర్వేరు మీడియాల కింద లెక్క.

ప్రశ్న: మీడియా ఎర్రగా ఎందుకుంటుంది? ఆ రంగు వల్ల ఎంజైమ్ పరీక్షకు ఏమైనా ఇబ్బందా? (ల్యాబ్ టెక్నీషియన్, కర్నూలు)

జవాబు: అది ఫినాల్ రెడ్. ఆమ్లం పెరిగితే పసుపు, క్షారం పెరిగితే గులాబీ అవుతుంది. రంగు కొలిచే పరీక్షలు చేసేటప్పుడు అడ్డొస్తుంది కాబట్టి రంగు లేని మీడియా వాడండి, లేదా కణాలను బఫర్‌తో రెండుసార్లు కడగండి. ఎంసీఎఫ్-7 లాంటి రొమ్ము క్యాన్సర్ కణాలతో పనైతే తప్పకుండా రంగు లేనిదే. ఈ రంగు ఈస్ట్రోజెన్‌లా ప్రవర్తిస్తుందని 1986లో చూపించారు, ఆ పని రంగుది కాదు, దానిలో కలిసొచ్చే మలినానిదని తర్వాత తేలింది. ఇంకొకటి, చచ్చిన కణాల్లోంచి బయటికి కారే ఎల్‌డీహెచ్ అనే ఎంజైమ్‌ను కొలిచి ఎన్ని చచ్చాయో లెక్కేస్తారు కదా, సీరమ్‌లో అది దానంతట అదే ఉంటుంది. కణాలు వేయని ఒట్టి మీడియాను కూడా కొలిచి తీసేయకపోతే బతికున్న కణాలను చచ్చినట్టు లెక్కేస్తారు.

ప్రశ్న: మాది నెల్లూరు. నాకు పదేళ్లుగా షుగర్. మా అమ్మాయి హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలో పనిచేస్తుంది. వాళ్ల మీడియాలో లీటరుకు నాలుగున్నర గ్రాముల గ్లూకోజ్ ఉంటుందని చెప్పింది. మా డాక్టరు లెక్కలో అది 450 కదా! అంత షుగర్‌లో పెరిగిన కణాల మీద మందులు పరీక్షిస్తే అవి మనకు పనికొస్తాయా?

జవాబు: మీ లెక్క అక్షరాలా నిజం, డెసిలీటరుకు 450. తక్కువ గ్లూకోజ్ డీఎంఈఎం కూడా ఉంది, అందులో 100. ఎక్కువ వేయడానికి కారణం, క్యాన్సర్ కణాలు గ్లూకోజ్‌ను గబగబా తినేస్తాయి, రెండు మూడు రోజులు ఎవరూ ముట్టుకోకపోయినా తిండి అయిపోకూడదని.

అలా పోసిన తిండి కణం స్వభావాన్నే మారుస్తుంది. గ్లూకోజ్ పుష్కలంగా ఉంటే ఇలాంటి కణాలు తమకు శక్తి తయారుచేసే మైటోకాండ్రియాను పక్కనపెట్టి సగం సగం కాల్చుకుని లాక్టిక్ ఆమ్లం వదులుతూ బతికేస్తాయి. 1929లో హెర్బర్ట్ క్రాబ్‌ట్రీ దీన్ని గమనించాడు. దీనివల్ల మైటోకాండ్రియాను పాడుచేసే మందు వేసినా కణానికి చీమ కుట్టినట్టు ఉండదు. అదే కణాలకు గ్లూకోజ్ బదులు గెలాక్టోజ్ పోస్తే ఆ దారిలో సరిపడా శక్తి రాదు, మైటోకాండ్రియా ఎంజైములతో పని చేయించుకోక తప్పదు, అప్పుడు మందు విషం బయటపడుతుంది. పుట్టుకతో మైటోకాండ్రియా లోపం ఉన్న పిల్లల చర్మ కణాలు గ్లూకోజ్‌లో హాయిగా పెరిగి, గెలాక్టోజ్‌లో కొద్ది రోజుల్లో చచ్చిపోతాయి. మందు కంపెనీలు ఈ పరీక్షను నిజంగానే వాడతాయి, మీ అమ్మాయిని అడగండి.

పోసింది ఎక్కువైతే ఇలా. మరి పోయనిది? మన రక్తంలో యూరిక్ ఆమ్లం ఎప్పుడూ ఉంటుంది, ఎందుకంటే దాన్ని విరగ్గొట్టే యూరికేస్ మనకు లేదు, ఎలుకలకు ఉంది. పాత మీడియాల్లో యూరిక్ ఆమ్లం వేయరు. 2017లో అమెరికాలోని వైట్‌హెడ్ ఇన్‌స్టిట్యూట్‌లో మనిషి ప్లాస్మాను పోలిన మీడియా తయారుచేసి రక్త క్యాన్సర్ కణాలను అందులో పెంచారు. అందులోని యూరిక్ ఆమ్లం యూఎంపీ సింథేజ్ అనే ఎంజైమ్‌ను అణచివేసింది, దాంతో 5-ఫ్లోరోయురాసిల్ అనే కీమో మందు ఆ కణాల మీద సరిగా పనిచేయలేదు, ఎందుకంటే ఆ మందు పనిచేసే రూపంలోకి మారడానికి అదే ఎంజైమ్ కావాలి. పాత మీడియాలోనో ఎలుకలోనో మాత్రమే చూసుంటే ఈ సంగతి దొరికేది కాదు. రెండేళ్ల తర్వాత స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో ఇలాంటిదే ఇంకో మీడియా చేశారు. పాత మీడియాల్లో ఆర్జినీన్ ఎంత ఎక్కువుందంటే, ఆర్జినీన్‌ను తయారుచేయాల్సిన ఒక ఎంజైమ్ వెనక్కి నడుస్తోందని వాళ్లు చూపించారు. ఆర్పీఎంఐలో అది రక్తంలో ఉండేదానికి పదింతలకు పైనే.

కాబట్టి మీ భయంలో న్యాయం ఉంది. అయితే మందు ఫ్లాస్కులోంచి తిన్నగా మీ చేతికి రాదు, జంతువుల్లో, తర్వాత మనుషుల్లో పరీక్షించే దశలు దాటాలి. నాకు బాధ కలిగించేది వేరే. ఎంజైమ్ ఎంతుందో మూడు దశాంశాల వరకు రాసి, గ్లూకోజ్ ఎంత పోశారో రాయని వ్యాసాలు నేను ఇప్పటికీ చదువుతున్నాను.

ప్రశ్న: మాది భీమవరం. మా ఊరి యల్లాప్రగడ సుబ్బారావు గారికీ ఈ కణాల పెంపకానికీ ఏమైనా సంబంధం ఉందా?

జవాబు: చాలా దగ్గరి సంబంధం ఉందండీ. 1895లో మీ ఊళ్లో పుట్టిన ఆయన అమెరికాలో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో భాస్వరాన్ని రంగు ద్వారా కొలిచే పద్ధతి ప్రకటించారు. ఫాస్ఫేట్‌ను విడగొట్టే ఎంజైములను కొలవడానికి దశాబ్దాలపాటు ఆ నీలిరంగే ఆధారం, నేనూ దానితోనే నేర్చుకున్నాను. ఆయన లెడర్లీ అనే మందుల కంపెనీలో పరిశోధనకు నాయకత్వం వహిస్తున్నప్పుడు ఫోలిక్ ఆమ్లం తయారైంది, దానికి అడ్డుపడే అమినోప్టెరిన్ తయారైంది. ఆ అమినోప్టెరిన్‌ను సిడ్నీ ఫార్బర్ బోస్టన్‌లో రక్త క్యాన్సర్ వచ్చిన పిల్లలకు ఇచ్చి 1948లో ఫలితాలు ప్రకటించాడు. సుబ్బారావు గారు కన్నుమూసింది ఆ ఏడాదే.

ఫోలిక్ ఆమ్లం ఈరోజు ప్రతి మీడియా బాటిల్‌లోనూ ఉంది, డీఎంఈఎంలో లీటరుకు 4 మిల్లీగ్రాములు. అమినోప్టెరిన్ ఇంకో మీడియాలోకి వెళ్లింది, దాని పేరు హ్యాట్. హైపోజాంథిన్, అమినోప్టెరిన్, థైమిడిన్ అనే మూడు పేర్ల మొదటి అక్షరాలవి. స్జిబాల్‌స్కీ దంపతులు 1962లో మనిషి కణాల మీద దీన్ని వాడారు. డీఎన్‌ఏకు కావలసిన ముడిసరుకును కణం కొత్తగా తయారుచేసుకునే దారిని అమినోప్టెరిన్ మూసేస్తుంది. ఇక మిగిలింది మీడియాలో ఇచ్చిన హైపోజాంథిన్‌ను వాడుకునే దారి, దానికి హెచ్‌జీపీఆర్‌టీ అనే ఎంజైమ్ కావాలి. అది ఉన్న కణం బతుకుతుంది, లేని కణం చనిపోతుంది. లెష్-నైహాన్ అనే జబ్బుతో పుట్టిన పిల్లల్లో లేనిది ఈ ఎంజైమే. వాళ్ల చర్మ కణాలను మామూలు మీడియాలో పెంచితే పక్క ఫ్లాస్కులోని ఆరోగ్యవంతుల కణాలతో సమానంగా పరుచుకుంటాయి. హ్యాట్ పోసి వారం ఆగి మైక్రోస్కోప్ కింద పెడితే ఒక ఫ్లాస్కు నిండుగా ఉంటుంది, రెండోదానిలో గుండ్రంగా ముడుచుకుని తేలుతున్న కణాలే కనిపిస్తాయి.